నా మోసానికి నేనే మార్కులు వేసిన వైనం

ఆ ఆదివారం నేను చేసిన తప్పేంటో ముందే చెప్పేస్తాను. నవ్వుకుంటారో తిట్టుకుంటారో తరువాత మీ ఇష్టం. నా పాత ల్యాప్‌టాప్‌లోని హార్డ్ డిస్కును నా చేతులతో నేనే ఊడదీసి, అట్టపెట్టెలో పెట్టి, తీసుకెళ్ళి ఒక హెడ్ కానిస్టేబుల్ గారికీ, నాతో పెళ్ళి కుదిరిన అమ్మాయికీ అప్పగించాను. "ఇందులో ఏం దొరుకుతుందో వెతకండి" అన్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఎంత ఎక్కువ దొరికితే అంత ఎక్కువ మార్కులు వేస్తానని కూడా అన్నాను. దొంగతనం చేసి వస్తూ దారిలో పోలీస్ స్టేషన్ దగ్గర ఆగి, మూట పక్కన పెట్టి, మంచినీళ్ళు అడిగినవాడు కూడా నాకంటే తెలివైనవాడే.

మాది తెనాలి. విద్యాశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. చేస్తున్నాను అన్న మాటను కాస్త ఉదారంగా అర్థం చేసుకోండి. నా అంశం డిజిటల్ ఫోరెన్సిక్స్ శిక్షణ. అంటే ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ జనం చెరిపేసిన వాటిని బయటికి లాగి సాక్ష్యంగా నిలబెట్టే విద్య. ఈ విద్య నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళలో కొందరు చివరిదాకా ఉంటారు, కొందరు మధ్యలోనే మానేస్తారు. ఎందుకిలా? పెళ్ళయినవాళ్ళకు, పెళ్ళి కుదిరినవాళ్ళకు ఒక మాటకు కట్టుబడి ఉండడం అలవాటవుతుంది కదా, మరి వాళ్ళు శిక్షణకు కూడా అలాగే కట్టుబడి ఉంటారా? ఇదీ నేను తేల్చాల్సిన సంగతి. మాటకు కట్టుబడడం గురించి పరిశోధిస్తున్న ఈ మహానుభావుడు తన మాటకు ఎంత కట్టుబడ్డాడో ఇంకాసేపట్లో మీకే తెలుస్తుంది. కొంచెం ఓపిక పట్టండి.

నాకు రేపల్లె అమ్మాయి అనూరాధతో పెళ్ళి కుదిరింది. జూనియర్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. తాంబూలాలు పుచ్చుకున్న రోజునే నేను ఛాతీ ఇంత చేసుకుని అందరి ముందూ ప్రకటించాను: "థీసిస్ సమర్పించాకే పెళ్ళి." ఎందుకలా అన్నానని అడక్కండి. సరే, అడిగారు కాబట్టి చెబుతాను. శుభలేఖలో నా పేరుకు ముందు 'డాక్టర్' అని అచ్చులో చూసుకోవాలని నా కోరిక. ఆ ముక్క మాత్రం బయటికి చెప్పలేదు. రెండుసార్లు ముహూర్తం పెట్టారు. రెండుసార్లూ నేనే వాయిదా వేయించాను.

అనూరాధ ఫోన్‌లో అడిగేది.

"ఎంతవరకు వచ్చిందండి?"

"చివరి అధ్యాయం."

"పోయిన నెల కూడా చివరి అధ్యాయమే అన్నారు."

"ఇది చివరి అధ్యాయంలో చివరి భాగం."

ఆమె సరేనని ఫోన్ పెట్టేసేది. ఆ 'సరే'ని నేను నమ్మకం అనుకునేవాణ్ణి. చూశారా, పరిశోధకుణ్ణి.

నా అధ్యయనం కోసం బాపట్లలో ఒక కాలేజీ వాళ్ళు ఆదివారాలు శిక్షణ తరగతులు పెట్టుకోనిచ్చారు. పాఠం చెప్పేది కరీం సార్. ఆయనదీ తెనాలే. ఇద్దరం ఒకే రైల్లో వెళ్ళేవాళ్ళం. ఆయన పాఠం చెబితే, నేను పరీక్షలు పెట్టి మార్కులు వేయాలి. అనూరాధ వాళ్ళ కాలేజీ ఆమెను ఈ శిక్షణకు పంపిందని తెలిసి ఎగిరి గంతేశాను. కాబోయే భార్య ముందు బల్ల పక్కన నిలబడి గంభీరంగా మాట్లాడే అవకాశం ఎంతమందికి దొరుకుతుంది? వెంటనే ఫోన్ చేసి ఒక షరతు పెట్టాను.

"మనకి పెళ్ళి కుదిరిందని క్లాసులో ఎవరికీ చెప్పొద్దు. పరిశోధనకి పక్షపాతం అంటుకుంటుంది."

"మరి మిమ్మల్ని ఏమని పిలవాలి?"

"సార్ అను."

"సరే సార్."

ఆ 'సార్'లో కొంచెం కారం ఉంది. అప్పట్లో నాకు రుచి తెలియలేదు.

ఇక డిస్కు సంగతి. నేర్చుకునేవాళ్ళు సాధన చేయడానికి ఎవరిదో ఒకరిది వాడిన కంప్యూటరో ఫోనో కావాలి. సొంతదారు ఇష్టపడి ఇస్తేనే తీసుకోవాలని మా గైడ్ మేడమ్ నియమం. స్నేహితులందర్నీ అడిగాను. "ఫోన్ ఇవ్వడం కంటే కిడ్నీ ఇవ్వడం తేలిక రా" అన్నాడొకడు. దాంతో నా పాత ల్యాప్‌టాప్ గుర్తుకొచ్చింది. నా ఫోన్ మెసేజులు, నంబర్లు కూడా అందులోకి చేరేలా ఒకప్పుడు నేనే పెట్టుకున్నాను. ఫార్మాట్ కొట్టాను. డిస్కు ఖాళీ అని చూపించింది. నమ్మాను.

ఇక్కడ కాసేపు ఆగి నన్ను తిట్టుకోనివ్వండి. నేను తయారుచేసిన ప్రశ్నపత్రంలో మొట్టమొదటి ప్రశ్న ఇది: 'కంప్యూటర్‌లో చెరిపేసిన ఫైలు నిజంగా పోతుందా?' పోదు అన్నది సరైన జవాబు. ఆ ప్రశ్న రాసింది నేనే, జవాబు రాసింది నేనే, పోతుందని రాసినవాళ్ళకు సున్నా వేసింది కూడా నేనే.

ఆ ఖాళీ డిస్కులో ఒక కేసు కల్పించి పెట్టాను. ఎవరో ఉద్యోగి కాలేజీ ప్రశ్నపత్రం దొంగిలించినట్టు కొన్ని ఫైళ్ళు సృష్టించి, వాటినీ చెరిపేశాను. శిక్షణకు వచ్చినవాళ్ళు వాటిని కనిపెట్టాలి. రైల్లో కరీం సార్‌కు ఇదంతా గొప్పగా చెప్పాను.

"అంతకుముందు అందులో ఏమున్నాయి బాబూ?" అన్నారాయన.

"ఏముంటే ఏంటండి, ఫార్మాట్ చేసేశానుగా."

"ఫార్మాట్ చేయడం వేరు, తుడిచేయడం వేరు."

"నాకు తెలుసులెండి."

ఆయన నా వంక ఒకసారి చూసి, నిడుబ్రోలు నుంచి అప్పికట్ల దాకా కిటికీలోంచి బయటికి చూస్తూ తనలో తాను నవ్వుకున్నారు. ఆ పొలాల్లో నవ్వొచ్చేదేముందో నాకు కనబడలేదు.

క్లాసులో ఆ డిస్కుకు కాపీలు తీయించి, అందరికీ పంచి ఇలా అన్నాను: "ఈ కేసు మొత్తం నా కల్పన. కంప్యూటర్ సొంతదారు పేరు మురళి అని కనిపిస్తుంది. కంగారు పడకండి, సరదాకి నా పేరే పెట్టాను. నేను చెప్పినవి కాక అదనంగా ఏం కనిపెట్టినా అదనపు మార్కులుంటాయి. ఒక్కటే రూల్. ఆధారం లేకుండా నిర్ధారణ రాస్తే సున్నా."

ఇద్దరిద్దరిని జంటలు చేశాం. అనూరాధకు జతగా సాంబశివరావు గారు వచ్చారు. ఆయన రిటైర్మెంటుకు దగ్గరపడ్డ హెడ్ కానిస్టేబుల్. ఆయనదీ రేపల్లె వైపే కాబట్టి ఇద్దరూ ఒకే బస్సులో వచ్చిపోతారు. ఆమె కంప్యూటర్ నడిపితే ఆయన నివేదిక రాస్తారు. "మంచి జంట" అని నేనే మెచ్చుకున్నాను.

తరువాతి ఆదివారం నివేదికలు చదివే రోజు. మిగతా జంటలన్నీ వచ్చి, ప్రశ్నపత్రం దొరికిందని చెప్పి, కూర్చున్నాయి. నేను వేలికి వేలు తట్టుకుంటూ వింటున్నాను. అప్పుడు సాంబశివరావు గారు లేచి, కళ్ళజోడు తుడుచుకుని, స్టేషన్‌లో పంచనామా చదివే గొంతుతో మొదలుపెట్టారు. అనూరాధ పక్కనే కూర్చుని తెర మీద ఒక్కో పేజీ చూపిస్తోంది.

"సదరు మురళి అను వ్యక్తి, తెనాలి కాపురస్తుడు, ప్రశ్నపత్రం కేసులో ముద్దాయి అగుటయే గాక, సదరు డిస్కు అడుగున అంతకంటే పెద్ద నేరము దాచియున్నాడు."

"అడుగునా?" అన్నాను.

"అడుగునేనండి! భలే పెట్టారు సార్. పైన ప్రశ్నపత్రం పెట్టి, కింద అసలు కథ పెట్టారు. పైదాంతో ఆగిపోతాం అనుకున్నారేమో. నేనాగుతానా?"

కరీం సార్ కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నారు. ఇంతకుముందు ఎప్పుడూ జరుపుకోలేదు.

"సదరు మురళి, థీసిస్ అనబడు పుస్తకమును వ్రాయుచున్నట్లు నటించియున్నాడు. సదరు పుస్తకపు పాత ప్రతులు అనేకము లభ్యమైనవి. ఒక ప్రతికిని మరొక ప్రతికిని గల తేడా పరిశీలించగా..." ఆయన తల ఎత్తి మామూలు భాషలోకి దిగారు. "అట్ట మీద అక్షరాలు ఒకసారి లావుగా ఉన్నాయండి, ఒకసారి సన్నగా ఉన్నాయండి, ఒకసారి నీలం రంగు. లోపల మేటరు మాత్రం పుట్టినచోటే ఉంది. అట్ట ఒక్కటే పెరిగి పెద్దదైంది."

క్లాసంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వకపోతే అనుమానం వస్తుంది కదా. పంటి డాక్టర్ దగ్గర నోరు తెరిచినట్టు ఉండి ఉంటుంది ఆ నవ్వు.

"తరువాతి పేజీ అమ్మా" అన్నారు సాంబశివరావు గారు. అనూరాధ పేజీ మార్చింది. నా వైపు చూడలేదు. బెండకాయలు తరుగుతున్నంత ప్రశాంతంగా ఉంది ఆమె ముఖం.

"సదరు వ్యక్తికి ఒక అమ్మాయితో వివాహము నిశ్చయమైనది. ఆ అమ్మాయి నంబరు 'రేపల్లె' అను పేరుతో దాచుకొనియున్నాడు. మా ఊరి పేరు పెట్టారు సార్, థాంక్సండి. 'రాత్రంతా రాస్తూనే ఉన్నాను' అని ఆ అమ్మాయికి మెసేజ్ పంపిన రాత్రి సదరు వ్యక్తి చూసినవి ఏవనగా, ఒక పాత క్రికెట్ మ్యాచి, కుండీలో మిరపమొక్క పెంచు విధానము, ఏనుగు ఈత కొట్టుట."

"ఏనుగా?" అన్నారు కరీం సార్.

"ఏనుగేనండి. అయిపోయాక మళ్ళీ మొదటినుంచి పెట్టుకుని చూశాడు."

వెనక బెంచీలో ఎవరికో దగ్గు వచ్చేంత నవ్వొచ్చింది. ఎవరో నీళ్ళ సీసా అందించారు.

"అటుపిమ్మట సదరు వ్యక్తి ఇంటర్నెట్‌లో వెతికిన విషయము, యథాతథముగా: 'పెళ్ళి వాయిదా వేయడానికి నమ్మదగిన కారణాలు.' దాని వెంటనే: 'టైఫాయిడ్ ఎన్నాళ్ళు ఉంటుంది.' దాని వెంటనే: 'కాలు విరిగిన మనిషి సంతకం పెట్టవచ్చునా.'"

"కాలు విరిగితే సంతకానికేం అడ్డం?" అని ఎవరో అడిగారు.

"అదే నేనూ అనుకున్నానండి! అనూరాధమ్మని అడిగితే, 'ఆయన చెయ్యి అని వెతకబోయి మర్చిపోయి ఉంటారు బాబాయ్ గారూ' అంది. సరే. సదరు వ్యక్తి అమ్మాయి తండ్రికి పంపిన మెసేజుల ప్రకారం, గైడ్ అను స్త్రీకి టైఫాయిడ్ వచ్చి, అది తగ్గకముందే మెట్ల మీద జారిపడి కాలు విరిగినది. కావున సంతకాలు ఆగినవి. కావున పెళ్ళి ఆగవలెను. అయితే అదే రోజుల్లో సదరు గైడ్ ఊటీ సెమినార్‌లో ప్రసంగిస్తున్న ఫొటో ఇదే డిస్కులో దొరికినది. రెండు కాళ్ళ మీద నిలబడియున్నది."

తెర మీద మా గైడ్ మేడమ్ ఫొటో వెలిగింది. పూలగుత్తి పట్టుకుని ఆరోగ్యంగా నవ్వుతున్నారు.

సాంబశివరావు గారు కాగితాలు పక్కన పెట్టి, రెండు చేతులూ జోడించి నన్ను చూశారు. "సార్, ఒక్కమాట చెప్పనా? నా సర్వీసులో చాలామంది వెధవల్ని చూశాను. గొలుసులు తెంపేవాళ్ళు, మోటార్లు ఎత్తుకుపోయేవాళ్ళు. ఇంత నాజూకైన వెధవని మాత్రం చూళ్ళేదండి. ఎలా కల్పించారండీ వీణ్ణి?"

"అలా... ఆలోచిస్తుంటే వచ్చేశాడండి."

"నిజంగా ఎవడైనా ఇలా ఉంటాడంటారా?"

"ఉండకపోవచ్చండి."

"ఉండకూడదండి! ఉంటే మక్కెలు ఇరగ్గొట్టాలి" అన్నారాయన ఆప్యాయంగా.

ఈ దశలో తెలివున్న మనిషైతే 'బాగుంది, కూర్చోండి' అని ముగించేవాడు. నేను కూడా నోరు తెరిచాను. అంతలో ఆయనే అడిగారు: "ఇంతకీ ఆ అమ్మాయి ఏమైంది సార్? అంతా రాశారు గానీ ముగింపు పెట్టలేదు." "అవును సార్, చెప్పండి సార్" అని క్లాసంతా అందుకుంది.

నా అసలు గుణం బయటపడింది. అంత జరిగాక కూడా, మరో అబద్ధం చేతికందుతుందేమోనని వెతికాను.

"ఆ అమ్మాయి అర్థం చేసుకుంటుందండి. క్షమించేస్తుంది. పెళ్ళయిపోతుంది. శుభం."

"ఆధారం ఏంటి సార్?"

ఆ గొంతు అనూరాధది. అంతసేపట్లో ఆమె క్లాసులో మాట్లాడింది అప్పుడే.

"అంటే?"

"క్షమిస్తుందని చెప్పడానికి ఆధారం ఏంటి? ఆధారం లేకుండా నిర్ధారణ రాస్తే సున్నా అని మీరేగా రూల్ పెట్టారు."

"అది... ఆమె మంచి అమ్మాయి."

"అది గుణం సార్. ఆధారం కాదు."

"అమ్మాయి కరెక్టుగా చెప్పిందండి" అన్నారు సాంబశివరావు గారు. "పైగా ఆ పిల్ల పెళ్ళికని కాలేజీలో సెలవు అడిగి, మళ్ళీ వద్దని చెప్పుకుంది. రెండుసార్లూ అంతే. 'మా ప్రిన్సిపాల్ గారు ఇంకోసారి అడగొద్దమ్మా, అందరూ నవ్వుతున్నారు అన్నారండి. తల ఎత్తుకోలేకపోయాను' అని వీడికి మెసేజ్ పెట్టింది పాపం. దానికి వీడు ఒక బొమ్మ పంపాడు."

"ఏం బొమ్మ?" అన్నారు కరీం సార్.

"రెండు చేతులు జోడించిన బొమ్మ. అంతేనండి. ఇంకేం రాయలేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ మెసేజ్ వచ్చినప్పుడు నేనెక్కడున్నానో నాకు గుర్తుంది. టిఫిన్ హోటల్లో ఉన్నాను. దోసె చల్లారిపోతుందని బొమ్మ పంపి ఊరుకున్నాను.

అనూరాధ లేచి నిలబడింది. "మా నిర్ధారణలో ఒక్కటి రాయకుండా వదిలేశాం సార్. ఆ అమ్మాయి ఈ సంబంధం ఉంచుకోవాలా వద్దా అన్నది. వద్దని రాసేద్దామన్నారు బాబాయ్ గారు. నేనే ఆగమన్నాను, ముందు మీరేమంటారో విందామని."

బాపట్లలో కరెంటు పోవాల్సిన సమయం ఏదైనా ఉందంటే అది ఇదే. పోలేదు. నేను బల్ల అంచు పట్టుకున్నాను.

"సాంబశివరావు గారూ, ఇది కల్పన కాదండి. ప్రశ్నపత్రం ఒక్కటే కల్పన. అడుగున ఉన్నదంతా నిజం."

"నిజమంటే? అంటే ఆ వెధవ..."

"నేనేనండి."

"మరి ఆ అమ్మాయి?"

అనూరాధ హాజరు పలికినట్టు చెయ్యెత్తింది.

సాంబశివరావు గారు కళ్ళజోడు తీసి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. పాపం, ఆయనకు నా మీద కోపం కంటే ముందు ఆమె మీద ఆశ్చర్యం వచ్చింది. "అమ్మాయ్! వారమంతా నా పక్కన కూర్చుని, నేను వాణ్ణి తిడుతుంటే, ఇంకా తిట్టండి బాబాయ్ గారూ అన్నావేంటమ్మా!"

"మీరు బాగా తిడుతున్నారు కదండీ. నాకు అన్ని మాటలు రావు."

కరీం సార్ గొంతు సవరించుకున్నారు. "బాబూ, మార్కులు వేయండి. అందరూ ఎదురుచూస్తున్నారు."

వేశాను. నా చేతులతో, నా సంతకంతో. అదనపు అంశాలన్నీ కలిపితే వాళ్ళకొచ్చిన మార్కులు మొత్తం మార్కులను దాటిపోయాయి. ఇంత మంచి ఫలితం నా పరిశోధనలో అంతకుముందూ లేదు, ఆ తరువాతా లేదు.

క్లాసు అయ్యాక అనూరాధ బస్టాండు వైపు నడుస్తోంది. పరుగెత్తాను.

"అనూ!"

"క్లాసులో సార్, రోడ్డు మీద అనూనా?"

"తప్పయిపోయింది."

"అది తేలింది కదా. ఎందుకు చేశారో చెప్పండి. ఎవరికీ జ్వరం తెప్పించకుండా చెప్పండి."

చెప్పాను. రాయలేకపోతున్నానని, రాయలేకపోతున్నానని చెప్పడానికి సిగ్గేసిందని, శుభలేఖలో 'డాక్టర్' అని వేసుకోవాలనుకున్నానని. ఆమె రోడ్డు మధ్యలో ఆగిపోయింది. వెనక ఆటో హారన్ కొడుతున్నా కదల్లేదు.

"నేనడిగానా?"

"లేదు."

"మా నాన్నగారు అడిగారా?"

"లేదు."

"మరి ఎవరడిగారు?"

"ఎవరూ అడగలేదు."

"ఎవరూ అడగని దానికోసం మా ఇల్లంతటినీ ఎదురుచూస్తూ కూర్చోబెట్టారు." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాంతో తన మీద తనకే చిరాకేసి కొంగుతో గట్టిగా తుడుచుకుంది. "మీకు రాయడం రాకపోతే నేను పెళ్ళి వద్దనేదాన్నా? అబద్ధం చెబితే అంటాను. ఇప్పుడు అనాలనే ఉంది."

"అయితే ఆ వదిలేసిన నిర్ధారణ..."

"మా ఇంట్లో రాస్తాం. బస్సెక్కండి. మా అమ్మానాన్నల ముందు మీరే చెప్పాలి. మొత్తం. ఏనుగుతో సహా."

రేపల్లె బస్సులో ఆమె ఆడవాళ్ళ సీట్లో కూర్చుంది. నాకు సాంబశివరావు గారి పక్కన చోటు దొరికింది. చెరుకుపల్లి దాటాక ఆయన నా భుజం తట్టారు. "భయపడకండి సార్. నిజం ఒప్పేసుకుంటే తేలిగ్గా ఉంటుంది. స్టేషన్‌లో అందరికీ ఇదే చెప్తాం." ఇంత ఓదార్పు నాకు అంతకుముందెప్పుడూ దొరకలేదు.

ఇంట్లో మావయ్య గారు అంతా విన్నారు. ఆయన పెద్దగా కోప్పడే మనిషి కాదు. కుర్చీలోంచి లేచి వెళ్ళి, గోడకున్న క్యాలెండర్ ముందు నిలబడి, రద్దయిన ముహూర్తాలున్న నెలల్ని ఒక్కొక్కటే తిప్పి చూశారు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఇన్నాళ్ళూ అడిగినవాళ్ళందరికీ గైడమ్మ గారికి బాగోలేదని చెప్పుకుంటూ వచ్చాను బాబూ" అన్నారు చివరికి. "నా నోటితో అబద్ధాలు చెప్పించారు."

ఆ మాట ఇప్పటికీ అప్పుడప్పుడూ గుచ్చుకుంటుంది.

మజ్జిగ గ్లాసుతో వచ్చిన అత్తయ్య గారు గుమ్మంలోనే నిలబడిపోయారు. "అయితే ఆవిడకి టైఫాయిడ్ రాలేదా నాయనా?"

"లేదండి."

"కాలు?"

"బాగానే ఉందండి. రెండూ."

"మరి నా మొక్కు?"

"మొక్కేంటండి?"

"గైడమ్మ గారికి నయమైతే మా అల్లుడి చేత తలనీలాలు ఇప్పిస్తానని ఏడుకొండలవాడికి మొక్కుకున్నాను."

మావయ్య గారికి ఆ పరిస్థితిలోనూ నవ్వొచ్చింది. "రాని జబ్బుకి మొక్కేంటే?"

"రాలేదని దేవుడికి తెలుసు. నాకు తెలియదుగా! నేను నిజంగానే దణ్ణం పెట్టుకున్నాను. ఆయన అబద్ధం ఆడితే నా మొక్కు అబద్ధం అవుతుందా?"

అందరం అనూరాధ వైపు చూశాం. ఆమె వెళ్ళి నాన్న పక్కన, క్యాలెండర్ ముందు నిలబడింది.

"పెళ్ళి ఉంటుంది నాన్నా" అంది చివరికి. "దారంతా ఆలోచించాను. అబద్ధాలాడాడు గానీ, అందరి ముందూ నేనేనండి అని అన్నాడు. దానికి క్లాసంతా సాక్ష్యం. ఆ ఒక్క ఆధారం మీదే ఒప్పుకుంటున్నాను. ఈసారి ముహూర్తం నేను పెట్టించుకుంటాను. ముందు అమ్మ మొక్కు. తరువాతే పీటలు."

పంతులు గారితో మాట్లాడి ముహూర్తం పెట్టించింది. జుట్టు మొలిచేంత వ్యవధి లేకుండా చూసి మరీ పెట్టించింది.

ఆ కొద్దిరోజుల్లో నేను చేయగలిగినవి చేశాను. మొదట అనూరాధ వాళ్ళ ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళాను. స్టాఫ్ రూమ్‌లో అందరూ ఉన్నప్పుడే, వాయిదాలన్నీ నా వల్లేనని, ఆ అమ్మాయి తప్పేమీ లేదని చెప్పి క్షమాపణ అడిగాను. మావయ్య గారు ఎవరెవరికి నా అబద్ధం చెప్పారో వాళ్ళ ఇళ్ళకు ఆయన వెంట వెళ్ళి, నేనే నిజం చెప్పాను. ప్రతి ఇంట్లో కాఫీ ఇచ్చి మరీ చీవాట్లు పెట్టారు. గైడ్ మేడమ్‌కు ఫోన్ చేస్తే, "నాకు కాలు విరిగిందా? ఎప్పుడు?" అని శ్రద్ధగా అడిగి తెలుసుకున్నారు. తిరుపతి వెళ్ళి తలనీలాలు ఇచ్చాను.

పెళ్ళిలో గుండు మీద బాసికం నిలవలేదు. కడితే కళ్ళ మీదికి జారుతుంది, పైకి లాగితే వెనక్కి పోతుంది. ఫొటోగ్రాఫర్ "సార్, మెరుపు కొడుతోంది, కాస్త తల వంచండి" అని అరుస్తాడు. వంచితే బాసికం ఒళ్ళో పడుతుంది. తలంబ్రాల వేళ అనూరాధ గురి తప్పకుండా నడినెత్తి మీదే పోసింది. బియ్యం గింజలు టపటపా చప్పుడు చేశాయి. ముందు వరుసలో సాంబశివరావు గారు పెద్దగా చప్పట్లు కొట్టారు.

కానీ నా అసలు శిక్ష భోజనాల దగ్గర మొదలైంది. గైడ్ మేడమ్ వచ్చారు. మేం వెళ్ళి చెప్పిన ఇళ్ళు కొన్నే. అబద్ధం మాత్రం రేపల్లె అంతటా తిరిగింది. కనబడిన ప్రతి ముత్తైదువా ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఇప్పుడెలా ఉందమ్మా కాలు?", "టైఫాయిడ్ తరువాత పథ్యం చేస్తున్నారా?", "నిలబడకండి తల్లీ, కూర్చోండి" అని అడగడమే. ఆవిడ మొదట బాగానే ఉందన్నారు. తరువాత అసలేం కాలేదన్నారు. ఎవరూ నమ్మలేదు. "ఎంత ఓర్పో మహాతల్లికి!" అని మరింత జాలిపడ్డారు. ఒకావిడ కుర్చీ తెచ్చింది, ఇంకొకావిడ కాలి కింద పీట వేసింది. పెరుగు వడ్డించేవేళకు మేడమ్ ఓడిపోయారు. చెయ్యి కడుక్కోవడానికి లేచినప్పుడు, ఎవర్నీ నొప్పించడం ఇష్టంలేక, కొంచెం కుంటుతూ నడిచారు.

నా పక్కనుంచి కుంటుకుంటూ వెళుతూ నెమ్మదిగా అన్నారు: "ఈ కాలు నీ థీసిస్ నా బల్ల మీదికి వచ్చిన రోజు నయమవుతుంది మురళీ. దానికి ముందు కాదు."

అందుచేత పాఠక మహాశయులారా, ఇప్పుడిప్పుడే మొలుస్తున్న ఈ గరుకు జుట్టు మీద చెయ్యి పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా బద్ధకానికి పరాయి మనిషి ఒంట్లో జ్వరం పుట్టించను. ఎవరి కాలూ, చెయ్యీ, కనీసం గోరు కూడా విరగ్గొట్టను. రాయని రోజు రాయలేదనే చెబుతాను. ఇది ఉత్త మాట కాదు. రోజూ పడుకోబోయే ముందు ఆ రోజు రాసిన పేజీలు అనూరాధ ముందు పెడుతున్నాను. ఆమె ముందు అట్ట చూస్తుంది, అక్షరాల రంగు మారలేదని రూఢి చేసుకుంటుంది, ఆ తరువాతే లోపలి పేజీ తిప్పుతుంది. నిన్న ఏమీ రాయలేదు. రాయలేదనే చెప్పాను.

"ఆధారం?" అంది.

ఖాళీ పేజీ చూపించాను. పూర్తి మార్కులు వేసింది.